ముప్పై ఏడో గది, రెండో మంచం

వరండా అంతా ఊడ్చుకుంటూ వచ్చి, ముప్పై ఏడో గది దగ్గర చీపురు ఎత్తేసేది ఆ హాస్టల్లో పనిచేసే ఆవిడ. ఆ గుమ్మం ముందు గజం మేర దుమ్ము ఎప్పుడూ అలాగే పరుచుకుని ఉండేది. ఎవరైనా అడిగితే, "అక్కడ మనుషులెవరూ లేరు కదమ్మా, ఎందుకూ ఊడవడం" అనేది.

మనుషులెవరూ లేరు అంది. ఎవరూ లేరు అనలేదు.

అది ఫస్టియర్ ఆడపిల్లల బ్లాకు. మూడో అంతస్తు. పొడుగాటి వరండా, ఒకవైపే గదులు, చిట్టచివర ఇది. దీని తర్వాత గోడ. గదికి మూడు మంచాలు. మిగతా గదులన్నీ పిల్లలతో కిటకిటలాడుతుంటే, ఇదొక్కటి తాళం వేసి ఉండేది. చోటు చాలక ఎప్పుడైనా ఎవరినైనా అందులో వేస్తే... నెల తిరక్కుండా పెట్టె సర్దుకునేవారు. ఎందుకమ్మా అంటే చెప్పేవారు కాదు. ఒకమ్మాయి మాత్రం రిక్షా ఎక్కుతూ ఒక్క మాట చెప్పి వెళ్ళిందట.

"హాజరు వేళకి ఆ గదిలో ఇంకెవరో పలుకుతారు."

హాజరంటే ఇదీ. రాత్రి తొమ్మిదింటికి మేట్రనమ్మ చంకలో రిజిస్టరు, చేతిలో టార్చిలైటుతో బయల్దేరుతుంది. తలుపు తియ్యదు. టార్చి పిడితో తలుపు మీద ఒక్క దెబ్బ – టక్. ఒక్కటే. లోపలి పిల్లలు పేర్లు చెప్పక్కర్లేదు, మంచం నంబర్లు చెప్పాలి. "ఒకటి." "రెండు." "మూడు." బయట పెన్ను గీసిన చప్పుడు. పక్క గది. మళ్ళీ టక్. వందమందిని అరగంటలో చూసుకోవడానికి ఆవిడ కనిపెట్టిన పద్ధతి అది.

పలికితే ఉన్నట్టు. పలక్కపోతే లేనట్టు.

ఆ ఏడు ఆ గదికి వచ్చింది ఫస్టియర్ పిల్ల కాదు. థర్డియర్. చదువుతున్న కాలేజీ నడిమధ్యలో మూతపడితే, వేరే కాలేజీకి బదిలీ మీద వచ్చింది. సీనియర్ల బ్లాకులో చోటు లేదు.

"నేను థర్డియర్ సార్. ఫస్టియర్ పిల్లల్లో వేశారేంటి?" అంది ఆఫీసు కిటికీ దగ్గర.

"నువ్వే ఇయరో మంచానికి తెలుస్తుందా అమ్మా? నడుం వాలిస్తే మంచం మంచమే," అన్నాడు గుమాస్తా తలెత్తకుండా. "పాత కాలేజీ నుంచి కాగితాలు వచ్చేదాకా నీ పేరు పెన్సిల్తోనే ఉంటుంది. మూడు రాత్రులు హాజరు తప్పావో, చెరిపేస్తాం. వెనకాల నలభైమంది కాచుక్కూచున్నారు."

అక్కాబావల దగ్గర పెరిగిన పిల్ల. బావ దర్జీ. రెండు గదుల ఇల్లు, అందులో మూడు కుట్టుమిషన్లు. బయల్దేరే రోజు సూదిలో దారం ఎక్కిస్తూ బావ అన్నాడు, కోపంగా కూడా కాదు – "ఈ సీటు కూడా పోతే మాత్రం ఇక చదువు ఊసెత్తకు మరదలా. మూడో మిషను ఎలాగూ ఖాళీగానే ఉంది." అక్క ఏమైనా అంటుందేమోనని చూసింది. అక్క గుండీలు ఏరుకుంటూ ఉండిపోయింది.

ఫస్టియర్ పిల్లలు ఒక్కపూటలో పేరు పెట్టేశారు. తమతో చేరింది కాదు, పైవాళ్ళతో పెరిగింది కాదు, చివర్లో ఎక్కడినుంచో తెచ్చి అతికించారు కాబట్టి – అతుకక్క. దర్జీ ఇంటి పిల్లకి ఆ మాట కాస్త లోతుగానే గుచ్చుకుంది.

మొదటి రాత్రి హాజరు సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. తలుపు మీద టక్ మంది. ఎవరో ఏమో, కొత్త చోటు, మనకెందుకని నోరు మూసుకుని, చెవుల మీదిదాకా దుప్పటి ముసుగేసుకుని పడుకుంది. తెల్లారి బోర్డు మీద చూస్తే ముప్పై ఏడు, ఒకటో మంచం – ఆబ్సెంటు.

అలా వచ్చీ రాగానే ఒకటి పోయింది.

రెండో రాత్రి తొమ్మిది కాకముందే మంచం మీద బాసింపట్టు వేసుకుని, పరీక్షకి కూచున్నట్టు కూచుంది. చెప్పుల చప్పుడు దగ్గరయింది. టక్.

"ఒకటి!" అని అరిచినంత పని చేసింది.

బయట పెన్ను గీసింది. కానీ చెప్పులు కదల్లేదు. మేట్రనమ్మ ఇంకా అక్కడే ఉంది... దేనికోసమో ఆగినట్టు.

అప్పుడు, కిటికీ పక్కన ఖాళీగా ఉన్న రెండో మంచం వైపు నుంచి –

"రెండు."

బొంగురు గొంతు. ఎండిపోయిన గొంతు. నీళ్ళు అడిగేవాళ్ళ గొంతులాంటిది.

బయట పెన్ను మళ్ళీ గీసింది. చెప్పులు వెళ్ళిపోయాయి.

ఆమె ఆ రాత్రి లైటు ఆర్పలేదు. రెండో మంచం మీద పరుపు కూడా లేదు. ఇనప పట్టీలు, వాటి నీడలు, అంతే. చూపు తిప్పుకుంటే ఏం కదులుతుందోనని తెల్లారేదాకా దాన్నే చూస్తూ కూచుంది.

పొద్దున మేట్రనమ్మని ఆపింది. "అమ్మా... ఆ గదిలో నేనొక్కదాన్నే కదా ఉన్నది?"

మేట్రనమ్మ యాభై దాటిన మనిషి. కళ్ళ కింద నల్లటి సంచులు. ఎవరి మొహంలోకీ నేరుగా చూడదు.

"నీ నంబరు నువ్వు చెప్పు. మిగతాది నీకెందుకు?" అని గబగబా వెళ్ళిపోయింది.

ఇంటికి పోదామా అనుకుంది. దెయ్యమా, మూడో మిషనా అని తూకం వేసి చూస్తే, మిషనే బరువు తూగింది. ఉండిపోయింది. రోజూ రాత్రి టక్. రోజూ ఒకటి. రోజూ ఆ బొంగురు గొంతు... రెండు.

రెండో ఆబ్సెంటు పదిహేనో రోజున పడింది. కాగితాల కోసం పాత కాలేజీకి వెళితే గేటుకి తాళం, తాళానికి తుప్పు. తిరుగు బస్సు దారిలో టైరు పంక్చరై కూలబడింది. హాస్టలు చేరేసరికి పది.

"రెండు," అంది మేట్రనమ్మ, ఆమెకి రెండు వేళ్ళు చూపిస్తూ. "ఇంకొక్కటి. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు."

ఆ మరునాటి రాత్రి జరిగింది అసలు తమాషా.

టక్. "ఒకటి." ఆ వెనకే "రెండు" అని సన్నటి గొంతు, వెంటనే కిసుక్కున నవ్వు. మంచం వైపు నుంచి కాదు. పైనుంచి. తలెత్తి చూస్తే పక్క గదికీ ఈ గదికీ మధ్య గోడలో, కప్పుకి జానెడు కింద వెంటిలేటరు. అందులో ఒక పిల్ల మొహం. రెండు కళ్ళూ మెరుస్తున్నాయి.

"దిగవే దొంగపిల్లా!" అంది ఆమె, ఒక్కసారిగా ఏడుపూ నవ్వూ కలిసొచ్చి.

అవతల ఏదో దభేలుమంది. రెండు నిమిషాల్లో ఇద్దరు పిల్లలు తలుపు తోసుకుని వచ్చారు. ఫస్టియర్ గదులకి లోపల గడియలుండవు, తోస్తే చాలు తెరుచుకుంటాయి. ముందు వచ్చింది పిడికెడంత పిల్ల, అందరూ పిట్ట అంటారు. వెనకాల దాని మంచం పక్క మంచం పిల్ల, గుండ్రటి కళ్ళజోడు.

"తప్పయిపోయిందక్కా," అంది పిట్ట, తప్పు చేసిన మొహం ఏమీ లేకుండా. "ఊడ్చే ఆవిడ కథలు చెప్పిందా... నిజంగా భయపడతావో లేదో చూద్దామని."

"దీని మాట నమ్మకక్కా," అంది కళ్ళజోడు. "బల్లమీద కుర్చీ, కుర్చీమీద ఇది. నన్ను పట్టుకోమంది. ఇప్పుడు నా కాలిమీదే పడింది."

అతుకక్క నవ్వింది. ఆ హాస్టలుకి వచ్చాక అదే మొదటి నవ్వు.

ఆ రాత్రి హాయిగా పడుకుంది. నిద్ర పట్టబోతుండగా ఒక్క సందేహం మాత్రం చీమలా పాకింది... మొదట్లో విన్నది బొంగురుగా ఉండేది కదా? దీనిది పిట్ట గొంతాయె. గోడ అవతలి నుంచి వస్తే గొంతు మారదా ఏంటి, అని తనకి తనే సర్దిచెప్పుకుని అటు తిరిగి పడుకుంది.

ఇక అప్పట్నుంచి అది వాళ్ళ ఆటయిపోయింది. టక్ మనగానే ఈమె ఒకటి అనడం, పైనుంచి పిట్ట రెండు అనడం, ముగ్గురూ దిండ్లలో మొహాలు దాచుకుని నవ్వుకోవడం. మేట్రనమ్మ ఏనాడూ తిట్టలేదు. ఎవరు అన్నారని అడగలేదు. పెన్ను రెండుసార్లు గీసుకుని వెళ్ళిపోయేది. అదేంటో అని ఎవరికీ తట్టలేదు.

వానల్లో ఆమెకి జ్వరం తగిలింది. ముందు గొంతు గరగరలాడింది, తర్వాత పీలగా అయింది. ఆ రాత్రి హాజరుకి నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. పైనుంచి పిట్టే "ఒకటి", "రెండు" రెండూ అనేసి, "నీ బాకీ ఒక చాక్లెట్టు" అంది.

మర్నాడు కొత్త పిల్లలకి కాలేజీ హాల్లో స్వాగత సభ. ఫస్టియర్లకి పిలుపు, సీనియర్లకి పెత్తనం. అతుకుకి ఏదీ లేదు.

"నువ్వూ రా అక్కా, ఎవడడుగుతాడు?" అంది పిట్ట, జడ అల్లుకుంటూ.

ఆమె గొంతు చూపించి తల అడ్డంగా ఊపింది. పిట్ట ఒక మాత్ర మింగించి, గ్లాసు నిండా నీళ్ళు పెట్టి, తలుపు దగ్గరకి వేసింది. "పదింటికల్లా వచ్చేస్తాం. పడుకో."

మెట్ల మీద కిలకిలలు దిగిపోయాయి. గేటు దగ్గర సంతకాలు పెట్టి అందరూ వెళ్ళిపోయారు. మూడు అంతస్తుల బ్లాకు ఒక్కసారిగా డొల్లయిపోయింది. ఎక్కడో కుళాయి... టప్... టప్.

జ్వరం పెరిగింది. మూసిన కళ్ళ వెనక మూడో మిషను చక్రం తిరుగుతూనే ఉంది. ఎప్పుడో ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. గడియారం ఎనిమిదీ యాభై.

అప్పుడు తట్టింది ఆమెకి.

గేటు దగ్గర తను సంతకం పెట్టలేదు. అంటే గదిలో ఉన్నట్టు. ఉన్నట్టయితే పలకాలి. పలికే గొంతు లేదు. గొంతు అరువిచ్చే పిట్ట లేదు.

మూడోది.

లేవబోయింది. మోచేతులు ఆనించి తలెత్తేసరికి గది గిర్రున తిరిగింది, వెనక్కి పడిపోయింది. గ్లాసు కింద పడేస్తే చప్పుడవుతుందని చెయ్యి చాపింది. వేళ్ళు తగిలి గ్లాసు ఒరిగింది... కింద కుప్పగా పడున్న దుప్పటిలో మెత్తగా పడింది. నీళ్ళు ఇంకిపోయాయి. చప్పుడు లేదు.

దూరంగా చెప్పులు. ఖాళీ గదుల ముందు ఆగకుండా తిన్నగా వస్తున్నాయి.

టక్.

ఆమె నోరు తెరిచింది. గొంతులో ముళ్ళు. గాలి.

"ఒకటి?" అంది బయట మేట్రనమ్మ.

ఎక్కడో కుళాయి... టప్.

"ఇదిగో అమ్మాయ్... పలక్కపోతే రాసేస్తున్నా మరి."

కళ్ళ నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. ఉన్నాను, ఉన్నాను, ఇక్కడే ఉన్నాను – అని లోపల ఎంత అరిచినా పెదాలు దాటలేదు. కాగితం తిప్పిన చప్పుడు. పెన్ను మూత తీసిన చప్పుడు.

అప్పుడు రెండో మంచం కిర్రుమంది.

ఎవరో లేచి కూచున్నట్టు. మెల్లగా, నీరసంగా, ఒక్కో పట్టీ మీద బరువు మారుతున్నట్టు. ఆమె తల తిప్పలేకపోయింది. తిప్పాలనీ లేదు.

"ఒకటి... ఉంది," అంది ఆ బొంగురు గొంతు.

బయట పెన్ను ఆగిపోయింది.

"దానికి గొంతు లేదు." ఊపిరి ఎగపీల్చిన చప్పుడు. "ఈసారైనా... తలుపు తియ్యండమ్మా."

వరండాలో టార్చిలైటు కిందపడి దొర్లింది. దాని వెలుగు తలుపు కిందినుంచి గదిలోకి వచ్చి, గోడ ఎక్కి, దిగిపోయింది. తర్వాత తలుపు భళ్ళున తెరుచుకుంది. ఆమెకి గుర్తున్నది అంతే.

కళ్ళు తెరిచేసరికి కాలేజీ ఆసుపత్రి గది. మూడు రోజులు గడిచాయట. ఇంకొక్క గంట ఆలస్యమైతే ప్రాణం దక్కేది కాదన్నారట డాక్టరు. పక్కన స్టూలు మీద మేట్రనమ్మ, ఒళ్ళో రిజిస్టరు. మొదటిసారి నేరుగా ఆమె మొహంలోకి చూసింది.

"పదకొండేళ్ళయింది," అంది, ఎవరూ అడగకుండానే. "నీలాగే. వేరే కాలేజీ నుంచి వచ్చింది. పైన చోటు లేక ఇక్కడ వేశారు. కిటికీ పక్కనని రెండో మంచం తీసుకుంది. ఎవరితోనూ మాట్లాడేది కాదు, మాట్లాడటానికి దానికెవరున్నారు? జ్వరం వచ్చి గొంతు పూర్తిగా పోయింది. నాకేం తెలుసు? టక్ మన్నాను. పలకలేదు. ఆబ్సెంటు రాశాను. రెండో రాత్రీ రాశాను. మూడో రాత్రీ రాశాను. నాలుగోరోజు పొద్దున పేరు చెరిపేసి, మంచం ఖాళీ చేయించమని మనిషిని పంపాను..."

ఒళ్ళో రిజిస్టరుని దగ్గరికి లాక్కుంది.

"ఖాళీగా లేదు."

బయట ఎవరో బక్కెట్టు ఈడ్చుకుంటూ వెళ్ళారు.

"తోస్తే తెరుచుకునే తలుపమ్మా అది. ఒక్కసారి తోస్తే..."

రిజిస్టరు తెరిచి చూపించింది. ముప్పై ఏడు, రెండో మంచం. పేరు గడి ఖాళీ. దాని పక్కన ఒక్క రోజు కూడా వదలకుండా టిక్కులు. ప్రతి ఏడూ కొత్త రిజిస్టరు వస్తుందట, ప్రతిదాంట్లోనూ ఆ గడి ఇలాగే నిండుతుందట.

ఆమె గుసగుసగా అంది, "అది... పిట్ట కదమ్మా... వెంటిలేటరులోంచి."

"ఆ కోతి సంగతి నాకు తెలీదనుకున్నావా? సెలవుల్లో బ్లాకంతా మూసేసినప్పుడు కూడా నేను అక్కడిదాకా వెళ్ళి టక్ మంటాను. అప్పుడు పిట్టలేవీ ఉండవు." మేట్రనమ్మ రిజిస్టరు మూసేసింది. "రోజూ పలికేది. ఒక్క మాటే. ఆ మాట విని టిక్కు పెట్టి, పారిపోయేదాన్ని. ఆ తలుపు తియ్యాలంటే మాత్రం... చెయ్యి రాలేదు. పదకొండేళ్ళు."

గొంతు తగ్గించి అంది. "నిన్ను కిందికి మోసుకొచ్చాం. కాళ్ళవైపు నేను, తలవైపు వాచ్‌మన్. నీ నుదుటి మీద తడిగుడ్డ ఉంది. మూడు మెట్ల మలుపుల్లోనూ జారలేదు, ఎవరో అదిమి పట్టుకున్నట్టు. నేను పెట్టలేదు. వాడూ పెట్టలేదంటాడు."

"గది?"

"వెంటనే తాళం వేయించాను."

ఆరోరోజుకి గొంతు తిరిగొచ్చింది, గరుకుగా. ఆ రోజే కాగితాలూ వచ్చాయి. బావ దుకాణం మూసుకుని, పాత కాలేజీ గుమాస్తా ఇల్లెక్కడో వెతికి పట్టుకుని, ఆయన గుమ్మంలో రెండు పూటలు కూచుని తెచ్చి, ఆఫీసులో ఇచ్చి వెళ్ళాడట. కాగితాలతోపాటు చిన్న చీటీ: "మూడో మిషను అమ్మేశాం. ఇక నువ్వు ఇంటికొచ్చినా ఇక్కడ పనేమీ లేదు." ఆమె ఆ చీటీ నాలుగుసార్లు చదువుకుంది.

హాస్టలు గుమాస్తా ఆమె పేరు ఇంకుతో రాశాడు. సీనియర్ల బ్లాకులో మంచం ఒకటి మర్నాటికి ఖాళీ అవుతుందన్నారు. ఈ ఒక్క రాత్రి మాత్రం ముప్పై ఏడులో. పిట్ట తమ గదిలోకి రమ్మని చెయ్యి పట్టుకు లాగింది. ఆమె వద్దంది. ఎందుకో ఆమెకే తెలీదు.

తాళం తీసి లోపలికి వెళ్ళింది. గది గదిలాగే ఉంది. తొమ్మిది దాటింది. చెప్పుల చప్పుడు.

టక్.

"ఒకటి."

ఇద్దరూ ఆగారు – లోపల ఈమె, బయట ఆవిడ. రెండో మంచం పలకలేదు. కిర్రుమనలేదు. పక్క గదిలో పిట్ట కూడా ఊపిరి బిగబట్టి ఉండాలి, నవ్వు వినపడలేదు.

తలుపు మెల్లగా తెరుచుకుంది. ఇప్పుడు ప్రతి గదీ తీసి చూస్తోంది మేట్రనమ్మ. టార్చి వెలుగులో ఈమె మొహం చూసింది, ఖాళీ మంచం చూసింది. ఏదో బరువు దిగినట్టు నిట్టూర్చింది.

"వెళ్ళిపోయిందేమో తల్లీ... పడుకో," అని తలుపు వేసుకుని వెళ్ళింది.

చెప్పులు వరండా దాటాయి. మెట్లు దిగాయి. కింది అంతస్తులో కూడా వినపడటం మానేశాయి.

ఆమె లైటు ఆర్పింది. నిజంగానే ఖాళీ. ఆ గదిలో మొదటిసారి తను ఒక్కతే ఉందని ఒంటికి తెలుస్తోంది. ఆరు రోజులు తాళం వేసిన గది కదా... అనుకుంది. తనని మోసుకెళ్ళేటప్పుడు ఆ తడిగుడ్డ పట్టుకుని కూడా వచ్చిన పిల్ల... తిరిగొచ్చేసరికి గదికి తాళం –

తలుపు.

టక్.

టార్చి పిడితో కొట్టింది కాదు. గోటితో. కింద, గడప దగ్గర. నిలబడే ఓపిక లేనివాళ్ళు కొట్టినట్టు.

దుప్పటి మీదికి లాక్కుంది. మేట్రనమ్మని కేకేద్దామా? గొంతు ఉంది ఇప్పుడు. పిట్టని పిలుద్దామా? గోడ అవతలే ఉంది.

బయట ఏ చప్పుడూ లేదు. వెళ్ళిపోయిన చప్పుడు కూడా లేదు.

ఆమె దుప్పటి తీసేసింది. చల్లటి గచ్చు మీద కాలు మోపింది.

"ఉండు," అంది. "తీస్తున్నా."